కొటేషన్‌లో పేర్లు రాయించండి: గేమింగ్ కంప్యూటర్‌పై మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం అడిగాయి. చేతిలో ఉన్న డబ్బు తక్కువ, ఇంట్లో గేమింగ్ కంప్యూటర్ కావాలి. విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకోవాలా, తయారుగా ఉన్నది కొనాలా? పాలిటెక్నిక్ కళాశాల హార్డ్‌వేర్ ల్యాబ్‌లో 24 ఏళ్ళపాటు పిల్లల చేత కంప్యూటర్లు విప్పించి మళ్ళీ బిగింపజేసిన దాన్ని. ఈ ప్రశ్న అంటే నాకు మొదటి నుంచీ మక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయించాను.

ప్రశ్న: ఖమ్మంలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ట్యూషన్లు చెప్పి దాచుకున్నదీ నాన్న ఇస్తానన్నదీ కలిపితే 60 వేలు. వాలరెంట్, జీటీఏ 5 ఆడాలని, కొంచెం వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలని కోరిక. ఊళ్ళో ఒక దుకాణంలో 58 వేలకు గేమింగ్ సిస్టమ్ చూపించారు. రంగురంగుల లైట్లతో చాలా బాగుంది. కొటేషన్‌లో ‘ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్, గేమింగ్ కేబినెట్’ అని రాసి ఇచ్చారు. నా స్నేహితుడు సికింద్రాబాద్ వెళ్ళి విడిభాగాలు కొందామంటున్నాడు. ఏది మంచిది మేడమ్?

జవాబు: బాబూ, నువ్వు పంపిన కొటేషన్ మూడుసార్లు చదివాను. అందులో ఆరు వస్తువులున్నాయి, ఒక్కదానికీ పేరు లేదు. ‘అబ్బాయి బుద్ధిమంతుడు, ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది’ అని చెప్పి ఏ ఊరో, ఏ ఉద్యోగమో, ఎవరి ఇల్లో చెప్పకపోతే ఆ సంబంధం ఎవరైనా ఖాయం చేసుకుంటారా? నీ 58 వేల సంగతీ అంతే.

‘ఐ5’ అన్న మాట ఒక్కటే తీసుకో. 2011లో వచ్చిన ఐ5-2400 కూడా ఐ5నే, 2022లో వచ్చిన ఐ5-12400 కూడా ఐ5నే. మొదటిదానికి నాలుగు కోర్లు, అంటే లెక్కలు చేసే మెదళ్ళు నాలుగు; రెండోదానికి ఆరు కోర్లు, ఒకేసారి పన్నెండు పనులు నడిపే థ్రెడ్లు. మధ్యలో పదకొండేళ్ళు గడిచాయి. ‘4 జీబీ గ్రాఫిక్స్’ మాట ఇంకా ప్రమాదం. 2014 నాటి జీటీ 730 కార్డు కూడా 4 జీబీతో దొరుకుతుంది. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కి కూడా 4 జీబీనే. జీబీ అనేది గోదాము ఎంత పెద్దదో చెబుతుంది కానీ అందులో పనివాళ్ళు, అంటే బొమ్మల లెక్కలు చేసే చిన్న చిన్న కోర్లు, ఎంతమందో చెప్పదు. జీటీ 730లో ఆ పనివాళ్ళు 384 మంది, కొన్ని రకాల్లో 96 మందే. జీటీఎక్స్ 1650లో 896 మంది, పైగా కొత్త తరం పనివాళ్ళు. నువ్వు ఆడాలనుకుంటున్న జీటీఏ 5 మొదటిదాని మీద ఈడుస్తుంది, రెండోదాని మీద హాయిగా నడుస్తుంది. కొటేషన్‌లో మాత్రం రెండింటికీ రాసేది ఒకటే వరుస.

ఇక ఆ ‘450 వాట్ల ఎస్ఎంపీఎస్’, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది మా ఇంట్లో జరిగింది.

2022 వేసవిలో మా అక్క కొడుకు తన మొదటి సిస్టమ్ కొనుక్కున్నాడు. నన్ను అడగలేదు, ‘పిన్నికి చూపించి ఆశ్చర్యపరుద్దాం’ అనుకున్నాడట. మూడు వారాలైంది. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, కరెంటు పోయి వచ్చింది. టప్ అని చిన్న చప్పుడు, కాలిన వార్నిష్ వాసన, అంతే. కేబినెట్‌ను డైనింగ్ టేబుల్ మీదికి ఎత్తించి పక్క పలక విప్పాను. ఎస్ఎంపీఎస్ బయటకు తీసి చేతిలో పెట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిగ్గా ఉంది. పక్కన తాటికాయలంత అక్షరాలతో 450 అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల వరుసలో 16 ఆంపియర్లని ఉంది. పన్నెండును పదహారుతో హెచ్చవేస్తే 192. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది దాదాపుగా ఆ 12 వోల్టుల వరుస నుంచే. అంటే అది పేరుకు 450, పనికి 192. అది పోతూ పోతూ, భాగాలన్నీ అమర్చే మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. దుకాణం వాళ్ళు ‘కరెంటు హెచ్చుతగ్గులకు వారంటీ వర్తించదు’ అన్నారు. పిల్లవాడు ఆ రోజు అన్నం తినలేదు.

కాబట్టి లేబుల్ మీద పెద్ద అంకె చూడవద్దు, 12 వోల్టుల వరుస చూడు. నిజమైన 550 వాట్ల యూనిట్ మీద అక్కడ 45 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 540 వాట్లు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు, కనీసం మూడేళ్ళు, దొరికితే ఐదేళ్ళ వారంటీ ఉన్నది తీసుకో. తయారుగా అమ్మే చవక గేమింగ్ సిస్టమ్‌లలో డబ్బు మిగుల్చుకునే మొదటి చోటు ఇదే, ఎందుకంటే ఎస్ఎంపీఎస్ గురించి కొనేవాళ్ళు ఎవరూ అడగరు. ఆ మిగిలిన డబ్బులో కొంత లైట్లకు వెళుతుంది. పైన పటారం, లోన లొటారం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ర్యామ్, అంటే నడుస్తున్న పనిని నిలిపి ఉంచే మెమరీ, దాని గురించి కూడా అడుగు. 16 జీబీ ఒకటే పుల్లగా ఇస్తున్నారా, ఎనిమిదేసి జీబీల పుల్లలు రెండు ఇస్తున్నారా? ధరలో తేడా తక్కువ, పనిలో తేడా ఎక్కువ. రెండు పుల్లలుంటే ప్రాసెసర్‌కు రెండు దారులు తెరుచుకుంటాయి.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. నీ పరిస్థితిలో నేనైతే విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకుంటాను. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600 ప్రాసెసర్, దానికి సరిపడే బీ450 లేదా బీ550 బోర్డు, ఎనిమిదేసి జీబీల డీడీఆర్4 ర్యామ్ రెండు, ఫైళ్ళు దాచుకోవడానికి వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, ఆర్ఎక్స్ 6600 స్థాయి 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, పైన చెప్పిన ఎస్ఎంపీఎస్. ముందు వైపు అద్దం కాకుండా జాలీ ఉన్న కేబినెట్ తీసుకో. మీ ఖమ్మం ఎండలకు గాలి ఆడకపోతే ఎంత మంచి కార్డైనా వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. మొత్తం సొమ్ములో మూడో వంతు గ్రాఫిక్స్ కార్డుకే పోయినా బాధపడకు, గేమింగ్ సిస్టమ్‌లో అది న్యాయమైన ఖర్చు.

మానిటర్ కూడా ఇందులోనే రావాలంటే 60 వేలకు ఇదంతా బిగువవుతుంది. అప్పుడు రెండు దారులున్నాయి. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే ఆరు నెలలు దాంతో గడుపు. లేదా గ్రాఫిక్స్ కార్డు తరువాత కొనుక్కో, ఇప్పటికి రైజెన్ 5 5600జి తీసుకో. చివర ‘జి’ ఉన్నదాంట్లో సొంత గ్రాఫిక్స్ ఉంటాయి; వాలరెంట్ దాని మీద చక్కగా ఆడుతుంది, జీటీఏ 5 సెట్టింగులు తగ్గిస్తే ఆడుతుంది. అయితే కార్డు ఇప్పుడే కొంటున్నప్పుడు ‘జి’ రకం తీసుకోవద్దు. దాని లోపలి క్యాష్ మెమరీ 16 ఎంబీ, మామూలు 5600లో 32 ఎంబీ. ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. ఇంకొక జాగ్రత్త. 5600జి పక్కన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు పెట్టమంటారు, చవకగా వస్తుందని. ఆ కార్డుకు బోర్డుతో మాట్లాడే దారులు నాలుగే, అవి పీసీఐఈ 4 (ఆ దారుల నాలుగో తరం) వేగం మీద ఆధారపడి చేసినవి. 5600జి ఇచ్చేది పీసీఐఈ 3 మాత్రమే. దారులే తక్కువ, అందులో సగం వేగం. ఈ జోడీ వద్దు.

సికింద్రాబాద్ వెళ్ళడం మీకు పెద్ద పని కాదు. పొద్దున్నే రైల్లో వెళ్ళి అదే రోజు తిరిగి రావచ్చు. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, అక్కడ వరుసగా దుకాణాలే. మొదటి దుకాణంలోనే కొనవద్దు. కాగితం మీద పూర్తి పేర్లు రాసుకుని వెళ్ళి, అదే జాబితా మూడు చోట్ల ఇచ్చి ధర వేయించు. అన్నీ ఒకేచోట కొంటే బిగించి కూడా ఇస్తారు. బిల్లు మీద ప్రతి వస్తువు పూర్తి పేరు, సీరియల్ నంబరు, 18 శాతం జీఎస్టీ కనబడాలి. బిల్లు లేకుండా ఇంత తగ్గిస్తామంటారు. ఆ తగ్గింపు నీ మూడేళ్ళ వారంటీ ఖరీదు బాబూ, ఒప్పుకోవద్దు.

ఇంతా చెప్పి, ఎదుటి పక్షం కూడా చెప్పకపోతే నీకు అన్యాయం చేసినట్టే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు తరలిపోవడం వల్ల మనలాంటి వాళ్ళకు దొరికేది తగ్గింది. మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ బ్రాండు వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి రోజుల్లో, పాత ధరకు కొన్న సరుకుతో తయారుచేసిన రెడీమేడ్ సిస్టమ్ విడిభాగాల కంటే నిజంగానే చవకగా పడవచ్చు. పెద్ద కంపెనీ సిస్టమ్ అయితే అసలైన విండోస్ కూడా దాంతోనే వస్తుంది, విడిగా పెట్టెతో కొంటే అదొక్కటే పదివేల వరకు అవుతుంది. అందుకని ఊళ్ళో దుకాణానికి మళ్ళీ వెళ్ళు. మర్యాదగా అడుగు: ‘అన్నా, ఈ ఆరింటికీ మోడల్ పేర్లు రాసి ఇవ్వండి’ అని. ఆయన రాసి ఇచ్చి, అవి మంచివై, సీటీసీ లెక్కకు రెండు మూడు వేల తేడాలో ఉంటే అక్కడే కొను. ఏదైనా పాడైతే సాయంత్రానికల్లా వెళ్ళి అడగగలిగే మనిషి ఊళ్ళో ఉండటం కూడా విలువే. రాసి ఇవ్వనంటే ఆ లైట్లు ఎంత అందంగా వెలిగినా వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పూర్తిచేశాడు. విడిభాగాలు తెప్పించి ఇంట్లో తనే బిగించుకుంటానని పట్టుబడుతున్నాడు. అంత ఖరీదైన సామాను, చేయి జారితే ఏమిటి గతి? మావారు ఒప్పుకోవడం లేదు. మీరు చెబితే వింటారు. — ఒక అమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఒప్పుకోమనే చెబుతాను, మీ ఇంట్లో ఆ ఒక్క పూట ఎలా గడవాలో కూడా చెబుతాను.

మా అక్క కొడుకు సిస్టమ్ కాలిపోయిన నెలకు, అదే డైనింగ్ టేబుల్ మీద, ఈసారి వాడి చేతే కట్టించాను. టేబుల్ మీద దుప్పటి తీసేసి మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె పరిచాం. స్క్రూల కోసం ఒక స్టీలు పళ్ళెం. ఫ్యాను ఆపించాను, చిన్న స్క్రూలు, సంచులు ఎగరకుండా. ప్రతి వస్తువూ పట్టుకునే ముందు కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకమన్నాను, ఒంట్లోని స్థిర విద్యుత్తు దిగిపోవడానికి.

జాగ్రత్త పడవలసిన క్షణం నిజానికి ఒకటే, ప్రాసెసర్ పెట్టేటప్పుడు. వాడు తెచ్చుకున్న రైజెన్ 5 5600 కింద వెయ్యికి పైగా సన్నని పిన్నులుంటాయి, బ్రష్షు మీద వెంట్రుకల్లా. ఒక మూల బంగారు రంగులో చిన్న త్రికోణం ఉంటుంది, బోర్డు మీద సాకెట్ మూలలో కూడా అలాంటిదే ఉంటుంది. లివరు పైకెత్తి, త్రికోణం మీద త్రికోణం వచ్చేలా పట్టుకుని వదిలేస్తే అది తనంతట తానే కూర్చుంటుంది. నొక్కకూడదు. నొక్కాలనిపించిందంటే తప్పుగా పెట్టారని అర్థం. వాడి చేతులు వణికాయి. ‘తొందరేమీ లేదు, ఊపిరి తీసుకో’ అన్నాను. సున్నితంగా కూర్చుంది, లివరు దించాడు. ఇంటెల్ బోర్డు అయితే పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, అప్పుడు ప్రాసెసర్ కంటే బోర్డును ఎక్కువ కాపాడుకోవాలి.

తరువాత ఫ్యాను. పెట్టెలో వచ్చిన ఏఎండీ కూలర్ బిగించాలంటే బోర్డు మీద ఉన్న రెండు ప్లాస్టిక్ ముక్కలు విప్పాలి. వాటి స్క్రూలు ఊడగానే బోర్డు వెనకాల ఉన్న ఇనుప ప్లేటు జారి కింద పడుతుంది. ఏదో విరిగిందని పిల్లలు హడలిపోయేది ఇక్కడే. ఏమీ విరగలేదు, వెనక నుంచి ఒకరు చేత్తో పట్టుకుంటే చాలు. మా ఇంట్లో పట్టుకున్నది అక్క. మీ ఇంట్లో మీవారు పట్టుకోవచ్చు, కోపం కూడా సగం తగ్గుతుంది. నాలుగు స్క్రూలూ ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా బిగించకుండా, ఎదురుబొదురు మూలలు కొంచెం కొంచెంగా తిప్పుతూ రావాలి. కొత్త కూలర్‌కు అడుగున, వేడిని దానికి అందించే పేస్టు రాసే ఉంటుంది. మళ్ళీ ఎప్పుడైనా విప్పితే పాతది తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెడితే సరిపోతుంది.

ర్యామ్ పుల్లలు రెండే అయితే, నాలుగు గాట్లున్న బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గాటులో ఒకటి, నాలుగో గాటులో ఒకటి. టిక్ అని వినబడేదాకా నొక్కాలి, ఇక్కడ బలం వాడవచ్చు. బోర్డు పై ఎడమ మూలలో ప్రాసెసర్‌కు వేరే కరెంటు తీగ ఉంటుంది, అది మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి కానీ బొమ్మ రాదు. అన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ రాలేదంటే మానిటర్ తీగ చూడండి. దాన్ని బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాలి. నేను ఇన్నేళ్ళలో చూసిన ‘పనిచేయడం లేదు’ ఫిర్యాదుల్లో ఇది లెక్కలేనన్నిసార్లు.

మొదటిసారి వెలిగాక బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్ళి ర్యామ్ వేగం చూడమనండి. 3200 అని కొన్నది 2400 లేదా 2666 దగ్గర నడుస్తూ ఉంటుంది. ఎక్స్ఎంపీ అనే అంశాన్ని ఆన్ చేస్తే అసలు వేగం వస్తుంది. అలాగే 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది) కొని ఉంటే విండోస్ సెట్టింగుల్లో ఆ అంకె ఎంచుకోవాలి, లేకపోతే 60 దగ్గరే ఉండిపోవచ్చు.

మా వాడికి ఆ రోజు ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండున్నర వరకు పట్టింది. తెర మీద మొదటి అక్షరాలు కనబడగానే వాడు అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు వచ్చారు. ఆ తరువాత ఏడాదికి ఎస్ఎస్‌డీ స్క్రూ వదులై సిస్టమ్ ఆగిపోతే, నాకు ఫోను చేయకుండా తనే విప్పి సరిచేసుకున్నాడు. మీ అబ్బాయికి ఒక ఆదివారం ఇవ్వండమ్మా.

ప్రశ్న: ‘ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్, మానిటర్‌తో సహా 18 వేలు’ అని ప్రకటన చూశాను. మా పిల్లలిద్దరికీ చదువుకూ ఆటలకూ పనికివస్తుందా? — నిజామాబాద్ నుంచి ఒక ఆర్టీసీ ఉద్యోగి

జవాబు: చదువుకు పనికివస్తుందండి. ఆటలకు కొనవద్దు.

ఆ ధరకు దొరికే ఐ7 చాలావరకు 2011 నాటి ఐ7-2600 లేదా దాని తరువాతి ఏడాదిది. కార్యాలయాలు వదిలించుకున్న ప్రాసెసర్‌ను కొత్త బోర్డు మీద పెట్టి అమ్ముతారు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ దానికంటే ఎంతో వేగవంతం, పేరులో మూడు ఉన్నా సరే. 2 జీబీ కార్డు అంటే సాధారణంగా జీటీ 710. అది తెర మీద బొమ్మ చూపించడానికి చేసిన కార్డు, ఆటలకు కాదు.

దీనికి తోడు విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉంటేనే. అడ్డదారిలో ఎక్కించి ఇస్తారు, ఇంట్లో వెలుగుతుంది కూడా. కానీ వాలరెంట్ వంటి ఆట విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (వెలిగేటప్పుడే నకిలీ సాఫ్ట్‌వేర్‌ను ఆపే ఏర్పాటు) రెండూ అడుగుతుంది, లేకపోతే తెరుచుకోదు. పిల్లలు ఆ ఆట కోసమే ఎదురుచూస్తూ ఉంటే వాళ్ళ మొహాలు మీరే చూడాలి.

18 వేలే ఉంటే, ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉన్న పాత ఆఫీసు కంప్యూటర్ కోసం వెతకండి. అయితే అందులో తరువాత గ్రాఫిక్స్ కార్డు పెడదామనుకుంటే ముందే మూత తీయించి చూడండి. చాలా ఆఫీసు డబ్బాల్లో ఎస్ఎంపీఎస్, దాని ప్లగ్గులు ఆ కంపెనీకే ప్రత్యేకం. బయట దొరికేది అమరదు. విడిగా కరెంటు తీగ అక్కరలేని, 75 వాట్ల లోపు కార్డు మాత్రమే అందులో పెట్టగలం.

ప్రశ్న: వాడిన గ్రాఫిక్స్ కార్డు సగం ధరకు వస్తోంది. మైనింగ్‌లో వాడారేమోనని భయం. కొనవచ్చా? — విశాఖపట్నం

జవాబు: మైనింగ్ అంటే క్రిప్టో కరెన్సీ సంపాదించడానికి కార్డు చేత లెక్కలు చేయించడం. అది చేసిందన్న ఒక్క కారణంతో తోసిపుచ్చవద్దు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాని మైనింగ్ ఆగిపోయింది, ఆ కార్డులు గుట్టలుగా బజారుకు వచ్చాయి. వాటిలో బాగా చూసుకున్నవి ఇప్పటికీ నడుస్తున్నాయి. మీది సముద్రతీరం కాబట్టి నేను ఎక్కువగా భయపడేది ఉప్పుగాలికి. కార్డు వెనక పోర్టుల లోపల, ఇత్తడి రంగు అంచు దగ్గర పచ్చని తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి.

వేరే సిస్టమ్‌లో పెట్టి ఎదురుగా అరగంట ఆట ఆడించమనండి. గీతలు, చుక్కలు రాకూడదు, ఫ్యాన్లు కీచుమనకూడదు. జీపీయూ-జడ్ అనే ఉచిత సాధనం నడిపితే కార్డు అసలు పేరు బయటపడుతుంది. పాత కార్డుకు కొత్త పేరు తగిలించి అమ్మితే చాలాసార్లు అక్కడే పట్టుబడుతుంది. ఆర్ఎక్స్ 580 చూపిస్తే, నేను పైన చెప్పిన పనివాళ్ళ (అక్కడ షేడర్లు అని ఉంటుంది) సంఖ్య చూడండి. అసలుదానికి 2304 ఉండాలి. 2048 అని వస్తే అది అదే పేరుతో వచ్చిన చిన్న రకం, ధర కూడా అంతే తగ్గాలి. పాత బిల్లు లేనిదే మాత్రం తీసుకోవద్దు. ఎస్ఎంపీఎస్ పాతది ఏ ధరకూ వద్దు.

ప్రశ్న: దుబాయిలో పనిచేస్తున్నాను, ఊరు జగిత్యాల. సెలవుకు వచ్చేటప్పుడు మా అబ్బాయికి గ్రాఫిక్స్ కార్డు ఇక్కడి నుంచి తేనా?

జవాబు: ధర తేడా కంటే ముందు వారంటీ తేడా చూడండి అన్నగారూ. చాలా కార్డులకు వారంటీ కొన్న దేశానికే పరిమితం. ఆ కంపెనీ భారతదేశ సేవాకేంద్రానికి ముందే మోడల్ పేరు రాసి అడగండి, ‘వర్తిస్తుంది’ అని రాతపూర్వకంగా వస్తేనే తెండి. రాకపోతే, కార్డు చెడిపోయిననాడు మీరు అక్కడ, కార్డు ఇక్కడ ఉంటాయి. ఆ డబ్బు పంపించి అబ్బాయిని సీటీసీలో కొనుక్కోమనడమే మేలు. కీబోర్డు, మౌస్, హెడ్‌ఫోన్లు నిశ్చింతగా తీసుకురండి.

ప్రశ్న: అనంతపురంలో ఇంజనీరింగ్, హాస్టల్‌లో ఉంటాను. గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమంటారా, డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించమంటారా?

జవాబు: హాస్టల్ గది, సెలవులకు బస్సు ప్రయాణం, తరగతిలో ప్రాజెక్టులు: నీకు ల్యాప్‌టాప్. ఈ ఒక్క విషయంలో అసెంబుల్ చేయించమని నేను చెప్పలేను తల్లీ.

కానీ ల్యాప్‌టాప్ కార్డుకూ డెస్క్‌టాప్ కార్డుకూ పేరు ఒకటే, మనిషి వేరు. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 3050 మొదట 8 జీబీతో వచ్చింది. ల్యాప్‌టాప్‌లో అదే పేరుకు 4 జీబీనే ఉండేది. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060నైతే తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతకైనా పరిమితం చేయవచ్చు. సన్నగా, అందంగా ఉన్నదానిలో తక్కువ వాట్లు, లావుగా ఉన్నదానిలో ఎక్కువ వాట్లు ఉండటం మామూలు. కొనేముందు ‘గ్రాఫిక్స్‌కు ఎన్ని వాట్లు?’ అని అడుగు. రెండో ర్యామ్ గాటు ఖాళీగా ఉందో లేదో కూడా అడుగు.

ప్రశ్న: మీ శీర్షిక చదివే అసెంబుల్ చేయించాను, బాగా నడుస్తోంది. కానీ కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమని షాక్ కొడుతోంది. ఎస్ఎంపీఎస్ చెడిపోయిందా? — శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఎస్ఎంపీఎస్ మంచిదే కావచ్చు. మీ ఇంట్లో ఆ ప్లగ్గుకు ఎర్తింగ్ లేదు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులోని గోలను వడకట్టే కెపాసిటర్లు ఉంటాయి, అవి వడకట్టినది ఎర్తు తీగలోకి పోవాలి. ఆ తీగ ఎక్కడికీ కలవకపోతే కేబినెట్ మీద సుమారు 115 వోల్టులు నిలబడతాయి. ప్రవాహం అతి స్వల్పం కాబట్టి జివ్వుమంటుంది. కానీ ఎర్తింగ్ లేని ఇంట్లో రేపు ఎస్ఎంపీఎస్ నిజంగా చెడిపోతే అది జివ్వుమనడంతో ఆగదు.

మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి. యూపీఎస్ వాడుతుంటే దాని ప్లగ్గు కూడా చూడండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ కొలిపించండి. మొదటిది 230 దరిదాపుల్లో, రెండోది సున్నాకు దగ్గరగా ఉండాలి. తేడా వస్తే పెరట్లో ఎర్తు గొయ్యి ఎండిపోయి ఉంటుంది, లేదా గొయ్యే లేకపోవచ్చు. ఆ పని పూర్తయ్యేదాకా సిస్టమ్ ప్లగ్గు తీసి ఉంచండి, పిల్లలను దాని దగ్గరకు రానివ్వకండి.